బొమ్మతో అక్షరం: బీదర్ సీమలో పిల్లల తొలి రాతలు

చిన్నపిల్లలకు అక్షరాలు, మాటల కూర్పు నేర్పేటప్పుడు పక్కన బొమ్మ పెట్టి, ఆ బొమ్మ పేరులోంచి అక్షరాన్ని పట్టించడం చిత్ర సంకేత పద్ధతి. అమ్మ బొమ్మ కింద 'అ', ఆవు బొమ్మ కింద 'ఆ' ఉన్న గోడ పటం దీనికి అందరూ ఎరిగిన రూపం. బొమ్మ చూడగానే పిల్లకు ఒక మాట తోస్తుంది. ఆ మాట పలికితే మొదటి ధ్వని చెవిన పడుతుంది. ఆ ధ్వనికి గుర్తైన అక్షరం కంటి ఎదుటే ఉంటుంది. ఈ మూడు మెట్లలో మొదటిదే బలహీనమైనది. బొమ్మ చూసి పిల్ల ఏ మాట అంటుందో పుస్తకం రాసినవారి చేతిలో లేదు, అది పిల్ల ఇంట్లో ఉంది. ఈ సంగతి తేటగా కనిపించే చోట్లలో కర్ణాటక ఉత్తరపు కొసన ఉన్న బీదర్ జిల్లా ఒకటి.

ఒక బొమ్మ, నాలుగు పేర్లు

బీదర్ హైదరాబాదుకు వాయవ్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకప్పుడు బహమనీ సుల్తానుల రాజధాని. 1472లో వారి మంత్రి మహమూద్ గవాన్ ఇక్కడ కట్టించిన మదరసా గోడల మీద రంగు పెంకులతో తీర్చిన అక్షరాలు కొన్ని ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. తర్వాతి కాలంలో ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలోకి వచ్చి, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉంది. అప్పటి బీదర్ జిల్లాలో కన్నడ, మరాఠీ, తెలుగు పల్లెలు మూడూ ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు, ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి, మిగిలిన భాగం మైసూరు రాష్ట్రానికి పోయాయి. పటం మీద హద్దులు మారినా ఇళ్లలో మాట్లాడే భాష అలాగే ఉండిపోయింది. బీదర్ వీధుల్లో కన్నడ, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి.

ఇలాంటి ఊళ్లో బడి గోడకు ఒక ఏనుగు బొమ్మ తగిలిస్తే ఏమవుతుంది? కన్నడ ఇంటి పిల్ల 'ఆనె' అంటుంది, ఆమెకు అది 'ఆ' బొమ్మ. తెలుగు ఇంటి పిల్లకు 'ఏనుగు', అంటే 'ఏ' బొమ్మ. మరాఠీ పిల్ల 'హత్తీ' అని, ఉర్దూ పిల్ల 'హాథీ' అని 'హ' దగ్గరికి పోతారు. ఎలుకను చూపితే చిక్కు ఇంకా పెరుగుతుంది: కన్నడంలో ఇలి, తెలుగులో ఎలుక, మరాఠీలో ఉందీర్, ఉర్దూలో చూహా. నాలుగు భాషలు, నాలుగు వేర్వేరు అక్షరాలు. బొమ్మకు భాష ఉండదని, అది అందరికీ ఒకేలా అర్థమవుతుందని అనుకుంటాం. అర్థం వరకు అది నిజమే. అక్షరం దగ్గరికి వచ్చేసరికి ప్రతి బొమ్మా ఏదో ఒక భాషదే అయిపోతుంది.

కలిసొచ్చే బొమ్మలూ ఉన్నాయి. ఒంటె తెలుగులోనూ కన్నడంలోనూ ఒంటే. కాలు రెండింటా కాలు. కాకి–కాగె, కోడి–కోళి, తల–తలె, నాలుక–నాలిగె జంటల్లో మొదటి అక్షరం ఒకటే. తెలుగు మాట్లాడే ఇంటి నుంచి కన్నడ బడికి వచ్చిన పిల్లకు మొదటి వారాల్లో ఈ బొమ్మలే చూపితే, ఇంటి మాట బడి అక్షరానికి అడ్డం రాదు. ఆ తర్వాత చూపదగినది ఇంకో వరుస ఉంది: పులి–హులి, పాలు–హాలు, పాము–హావు, పువ్వు–హూవు, పంది–హంది. పాత కన్నడంలో మాట మొదట ఉన్న 'ప' మధ్యయుగంలో 'హ'గా మారింది, తెలుగులో అలాగే నిలిచింది. ఇంట్లో 'ప' ఉన్నచోట బడిలో 'హ' వస్తుందని నాలుగైదు బొమ్మలు వరుసగా పెడితే ఆరేళ్ల పిల్ల కూడా గ్రహించగలదు. వేల ఏళ్ల నాటి చుట్టరికం ఉన్న ఈ రెండు భాషల మధ్య ఇంత చక్కని వంతెన ఉండగా, ఇంటి మాటను తప్పుగా లెక్కగట్టి దిద్దడం పిల్లకు చేసే అన్యాయమే.

లిపి విషయంలో చుట్టరికం మరీ దగ్గరిది. తెలుగు, కన్నడ లిపులు రెండూ కదంబ, చాళుక్య కాలపు ఒకే లిపి నుంచి వచ్చినవి. ఆ చాళుక్యుల్లో కల్యాణి శాఖ రాజధాని బీదర్ జిల్లాలోని బసవకల్యాణమే. అ, ఆ, ఉ, ఊ, డ, ద, ర, గ వంటివి రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే, తలకట్టు తీరు మాత్రం వేరు.

ఇంటి మాట, పుస్తకం మాట

భాష ఒకటే అయినా చిక్కు తీరదు. తెలుగు అక్షరమాల పటాల్లో 'ఊ' దగ్గర ఊయల బొమ్మ ఉంటుంది. తెలంగాణలోనూ, దాన్ని ఆనుకొని ఉన్న బీదర్ వైపు తెలుగు ఇళ్లలోనూ పిల్ల ఊగేది ఉయ్యాల. ఉయ్యాలకు మొదట ఉన్నది హ్రస్వం, 'ఉ'. బొమ్మ చూసి 'ఉ' రాసిన పిల్ల తన చెవిని నమ్మి సరిగ్గానే రాసింది, కానీ పుస్తకం ప్రకారం అది తప్పు. 'గే' దగ్గర గేదె బొమ్మ పెడితే పిల్ల 'బర్రె' అంటుంది. 'ఔ' దగ్గర ఉన్న ఔషధం సీసా ఏ ఇంట్లోనైనా మందు సీసాయే. 'ఋ' దగ్గర గడ్డంతో కూర్చున్న ఋషి పిల్ల కంటికి సాధువు, లేదా సామి.

ఉర్దూ ఖాయిదాల్లోనూ, అంటే అక్షరాలు నేర్పే తొలి వాచకాల్లోనూ, ఇదే కథ. ఉర్దూలో 'జ' వంటి ఒకే ధ్వనికి నాలుగు అక్షరాలున్నాయి: జాల్, జే, జువాద్, జోయ్. జువాద్ దగ్గర ముసలాయన బొమ్మ వేసి 'జయీఫ్' అని, జోయ్ దగ్గర గిన్నెల బొమ్మ వేసి 'జురూఫ్' అని రాయడం ఎప్పటి నుంచో ఉన్న వాడుక. దక్కనీ మాట్లాడే పిల్ల ఆ బొమ్మలు చూసి బుడ్ఢా అంటుంది, బర్తన్ అంటుంది. ఆ అక్షరాలు ఎక్కువగా అరబ్బీ నుంచి వచ్చిన మాటల్లోనే కనిపిస్తాయి. వాటిని ఇంటి సామాను బొమ్మలతో పట్టించాలని చూస్తే బొమ్మ అటు, అక్షరం ఇటు అయిపోతాయి.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. బొమ్మ గోడకెక్కే ముందు పిల్లల చేత పేరు చెప్పించుకోవాలి. క్లాసులో ఎక్కువమంది బర్రె అంటే ఆ బొమ్మను 'బ' దగ్గరికి మార్చాలి. కన్నడంలో ఆవును మైసూరు వైపు హసు అంటారు, ఉత్తర కర్ణాటకలో ఆకళు అంటారు. బీదర్ బడిలో ఆవు బొమ్మను నిశ్చింతగా 'ఆ' దగ్గర పెట్టుకోవచ్చు. అప్పుడు తెలుగు ఇంటి పిల్లకు కూడా అది తన ఆవే. అచ్చయి వచ్చిన పటం కంటే, పాత క్యాలెండర్ వెనక టీచరు స్వయంగా గీసి, పిల్లలు చెప్పిన పేరు రాసిన పటానికి విలువ ఎక్కువ.

బొమ్మలకు ముందు, బొమ్మల తర్వాత

మన వీధిబడుల్లో అక్షరాభ్యాసం చెవి మీద, వేలి మీద నడిచింది. 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అంటూ ఇసుకలో వేలితో దిద్దించేవారు, ఓనమాలు అన్న పేరు అక్కడిదే. మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్, మలబారు పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో అచ్చయిన అతని పుస్తకంతో అది ఇంగ్లండు బడులకూ చేరింది.

బొమ్మను పాఠంలోకి తెచ్చిన ఘనత మొరేవియాకు చెందిన కొమీనియస్‌ది. 1658లో న్యూరెంబర్గ్‌లో వెలువడిన అతని బొమ్మల పుస్తకం మొదట్లోనే అక్షరమాల ఉంది. అందులో ప్రతి అక్షరం పక్కనా ఒక జీవి, అది చేసే చప్పుడు ఉంటాయి: కాకి అరుపుకు ఒకటి, గొర్రెపిల్ల అరుపుకు ఒకటి, పాము బుసకు 'ఎస్'. ఇక్కడ గమనించవలసింది, అతను జంతువు పేరును కాక అరుపును తీసుకున్నాడు. పేరు భాషను బట్టి మారుతుంది, కాకి అరుపు అంతగా మారదు. బహుభాషల ఊళ్లకు ఇప్పటికీ పనికివచ్చే ఆలోచన అది. మన దేశంలో 1930లో వచ్చిన రవీంద్రుని బెంగాలీ వాచకం 'సహజ్ పాఠ్'కు నందలాల్ బోస్ బొమ్మలు వేశాడు. 1939లో మద్రాసులోని అడయారు వచ్చి 1946 దాకా మన దేశంలోనే ఉన్న మారియా మాంటిస్సోరి, గరుకు కాగితపు అక్షరాలను వేలితో తడిమించింది. బొమ్మల పక్కన చెక్క అక్షరాలు పేర్చి మాట కట్టించింది. చదవడం రాకముందే మాట కట్టడం రావచ్చన్నది ఆమె నమ్మకం.

నలి–కలి కార్డులు

బీదర్ ప్రభుత్వ కన్నడ బడుల్లో ఒకటి, రెండు తరగతుల గదిలోకి అడుగుపెడితే కనిపించేది 'నలి–కలి', అంటే ఆడుతూ నేర్చుకోవడం. దీని మూలం రాయలసీమలో ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, ఒకే టీచరు వేర్వేరు తరగతుల పిల్లలకు ఒకేసారి చెప్పే చిన్న బడుల కోసం పాఠాలను కార్డులుగా విడగొట్టింది. అది చూసివచ్చిన టీచర్లు 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకాలో యునిసెఫ్ తోడ్పాటుతో కన్నడంలో మొదలుపెట్టారు. 2009–10 నాటికి అది రాష్ట్రమంతటి ప్రభుత్వ కన్నడ ప్రాథమిక పాఠశాలలకూ వ్యాపించింది.

ఇందులో బొమ్మ రెండు పనులు చేస్తుంది. ప్రతి కార్డు మీదా ఒక గుర్తు బొమ్మ ఉంటుంది. గోడ మీది 'కలికె మెట్టిలు', అంటే నేర్చుకునే మెట్ల పటంలో, అదే బొమ్మ కనిపిస్తుంది. అక్షరం ఒక్కటీ రాని పిల్ల కూడా తాను ఏ మెట్టు మీద ఉందో బొమ్మను చూసి తెలుసుకుని, ఆ కార్డు తానే తెచ్చుకుంటుంది. ఎవరినీ అడగకుండా తన పని తాను వెతుక్కోవడం ఆ వయసుకు చిన్న విషయం కాదు. రెండో పని అక్షరాల బొమ్మలది. నలి–కలిలో అక్షరాలు అ ఆ ఇ ఈ వరుసలో రావు. మొదటి గుంపు ర, గ, స, ద, అ. రాయడానికి తేలికైనవి, ఆకారంలో పోలిక ఉన్నవి, కలిపితే వెంటనే మాటలయ్యేవి ముందు వస్తాయి. అర, సర, గర అనుకుంటూ ఐదు అక్షరాలతోనే మాట కట్టవచ్చు. ఆ ఐదూ తెలుగు అక్షరాలకు దాదాపు కవలలే కావడం బీదర్‌లోని తెలుగు ఇళ్లకు కలిసివచ్చిన సంగతి. పిల్లలు గీసినవి, రాసినవి గది పైన కట్టిన తీగల 'చప్పర'కు వేలాడతాయి.

ఈ తొలి తరగతుల చదువు కోసమే 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2026–27 నాటికి మూడో తరగతి పూర్తయ్యే ప్రతి పిల్లకూ అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రావాలని గురి పెట్టుకుంది.

బొమ్మ ఎక్కడ ఉండాలి

పక్కన బొమ్మ ఉంటే మేలేనని అనుకోవడం సహజం. అమెరికాలో ఎస్.జె. శామ్యూల్స్ 1967లో ప్రచురించిన ప్రయోగం వేరే మాట చెప్పింది. మాట పక్కన బొమ్మ ఉన్నప్పుడు పిల్లలు బొమ్మను చూసి పేరు చెప్పేశారు. బొమ్మ తీసేసి అడిగితే, బొమ్మ లేకుండా నేర్చుకున్నవారి కంటే వెనకబడ్డారు. కళ్లు బొమ్మ మీద ఉన్నంతసేపు అక్షరం మీద ఉండవు. 1984లో లినియా ఎహ్రి తోటి పరిశోధకులతో కలిసి ఇంకో అడుగు వేసింది. అక్షరం పక్కన బొమ్మ పెట్టడానికీ, అక్షరం ఆకారంలోనే బొమ్మ గీయడానికీ తేడా ఎంతో చూసింది. అక్షరంలోనే బొమ్మ ఇమిడినప్పుడు పిల్లలు బాగా నేర్చుకున్నారు. పక్కన ఉన్న బొమ్మతో, అసలు బొమ్మ లేనివారికంటే లాభమేమీ కనబడలేదు.

మన గోడ పటాలన్నీ పక్క బొమ్మలే. అక్షరంలో ఇమిడే బొమ్మలు తెలుగు, కన్నడాలకు ఎందుకు గీయకూడదు? 'గ'ను తీసుకుందాం. పైన గుండ్రంగా వంగి, కింద తెరిచి ఉన్న ఆ ఆకారంలో గంట కనిపిస్తుంది. లోపల నాలుక వేలాడదీసి, తలకట్టును గంట పట్టుకునే పిడిగా గీస్తే చాలు. తెలుగులో గంట, కన్నడంలో గంటె. రెండింటా సున్న పక్కన విడిగా రాస్తాం కాబట్టి 'గ' చెక్కుచెదరదు. బడి గంట తెలియని పిల్ల ఉండదు. నాలుగు రోజులు గంట బొమ్మతో, తర్వాత నాలుక తీసేసి, ఆ తర్వాత పిడి రంగు తీసేసి ఉత్త 'గ'తో చూపితే, కన్ను బొమ్మ నుంచి అక్షరం మీదికి తనంతట తానే జరుగుతుంది. మరాఠీ, ఉర్దూ పిల్లలు 'ఘంటా' అంటారు, వారికి వేరే బొమ్మ కావాలి.

మన పెద్దలు గుణింతపు గుర్తులకు పెట్టిన పేర్లు కూడా ఈ కోవలోవే. తలకట్టు, కొమ్ము, సుడి, సున్న అన్నీ ఆకారం చూసి పెట్టిన బొమ్మ పేర్లు. కన్నడంలోనూ తలెకట్టు, కొంబు, సుళి, సొన్నె. తల మీద కట్టింది తలకట్టు, కొమ్ములా వంగింది కొమ్ము. అచ్చు బొమ్మలు రాకముందే ఈ రెండు భాషలకూ మాటల్లో గీసిన బొమ్మలు ఉన్నాయి. గుణింతం చెప్పేటప్పుడు 'క కొమ్మిస్తే కు' అని పాడించే పాత అలవాటును వదులుకోకూడదు.

మొదటి అక్షరం దాటాక

గోడ పటం మొదటి అక్షరంతో ఆగిపోతుంది. పిల్లల తప్పులన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. ఇంగ్లీషు అక్షరాలు 26. కన్నడంలో 34 హల్లులకు 13 చొప్పున గుణింతం వేస్తేనే 442 రూపాలు, ఒత్తులు వేరే. బెంగళూరు పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కన్నడ పిల్లలు అక్షరాలన్నిటి మీదా పట్టు సాధించడానికి నాలుగో తరగతి దాకా, ఆ పైనా పడుతుందని తేలింది. ఒకటో తరగతిలోనే గుణింతాలన్నీ రావాలని పట్టుబట్టే తల్లిదండ్రులు, టీచర్లు తెలుసుకోవలసిన విషయమిది. ఆలస్యం పిల్లది కాదు, లిపి విస్తృతిది.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల: హ్రస్వ దీర్ఘాలు, సున్న, ఒత్తు. ఇక్కడ ఒంటరి బొమ్మ కంటే జంట బొమ్మలు బాగా పనిచేస్తాయి. మెడ, మేడ. బడి, బండి. గద, గద్ద. ఒక్కో జంటలో తేడా ఒక్క గుర్తే, కానీ బొమ్మలు రెండూ పూర్తిగా వేరు. హనుమంతుడి గద బొమ్మ కింద 'గద్ద' అని రాసిన పిల్లకు ఎర్ర సిరాతో కొట్టివేసి చెప్పనక్కర్లేదు. రాసింది గట్టిగా చదివిస్తే, తన చేతిలో పక్షి వచ్చి వాలిందని తానే గ్రహిస్తుంది. కన్నడంలో బళె, బాళె అంటే గాజు, అరటి. హాలు, హల్లు అంటే పాలు, పన్ను; ఈ జంటలో దీర్ఘం, ఒత్తు రెండూ మారతాయి. ఒత్తు వేయకపోతే అర్థం మారిపోతుందని బొమ్మ చూపించినంత తేలికగా సూత్రం చూపించలేదు.

ఇంకో సాధనం సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ వాడిన గడులు. బొమ్మ కింద, మాటలో ఎన్ని ధ్వనులుంటే అన్ని ఖాళీ గడులు. పిల్ల మాటను నెమ్మదిగా పలుకుతూ ఒక్కో గడిలోకి ఒక్కో చింతగింజ జరుపుతుంది, తర్వాత గింజ తీసి అక్షరం రాస్తుంది. రష్యన్‌లో గడి ఒక్కో ధ్వనికి. మన భాషల్లో అక్షరానికి ఒక గడి అంటే చాలు. 'పలక'కు మూడు గడులు. 'బర్రె'కు రెండు. పిల్ల మొదటి గడిలో 'బ' చకచకా రాసేస్తుంది. రెండో గడిలో 'ర' రాసి ఆగుతుంది. అందులో ర ఉంది, ర వత్తు ఉంది, ఎత్వం ఉంది. చాలామంది 'బరె' అనో 'బర్ర' అనో రాస్తారు. గడి ఒకటే అయినా పని మూడని అప్పుడు తెలుస్తుంది. ఆ గడిని కొంచెం పెద్దదిగా గీసి, కింద వత్తుకు చోటు చూపితే, బొమ్మ చేయలేని పని గడి చేస్తుంది.

బొమ్మకు అందని చోట్లు కొన్ని మిగులుతాయి. తెలుగులో ణ, ళలతో మొదలయ్యే వాడుక మాట లేదు, అందుకే వీణ, తాళం బొమ్మలు పెడతారు. అక్కడ అక్షరం మాట చివర ఉంటుందని పిల్లకు ముందే చెప్పకపోతే, 'ణ'ను చూసి 'వీ' అంటుంది. ఙ, ఞలకు ఏ బొమ్మా కుదరదు. శ, ష, సల తేడా చాలా ఇళ్లలో పలుకులోనే లేదు కాబట్టి బొమ్మ చూసి చెవితో పట్టడం జరగదు. అవి పదేపదే చదివి, రాసి కంటికి అలవాటు కావలసినవి.

ఇంగ్లీషు సంగతి

బీదర్‌లోనూ ఇప్పుడు ఇంగ్లీషు మీడియం కోరే ఇళ్లు ఎక్కువ, 'ఎ ఫర్ యాపిల్' పటం ఇంటింటా ఉంది. తెలుగు, కన్నడాల్లో అక్షరం పేరే దాని పలుకు. ఇంగ్లీషులో అలా కాదు. 'డబ్ల్యూ' అన్న పేరులో ఆ అక్షరం పలుకు జాడే లేదు. అందుకే 1992లో బ్రిటన్‌లో వచ్చిన జాలీ ఫోనిక్స్ వంటి పద్ధతులు పేర్లు పక్కనపెట్టి పలుకులతో మొదలుపెడతాయి. వాటిలో మొదటి గుంపు ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్. నలి–కలి మొదటి ఐదు అక్షరాల్లాగే, ఇవీ వెంటనే మాటలు కట్టడానికి ఎంచుకున్నవి.

పటంలో 'ఎక్స్' దగ్గర వేసే జైలోఫోన్ బొమ్మ పలుకును తప్పుగా నేర్పుతుంది. పెట్టె బొమ్మ పెట్టి 'బాక్స్' చివరి పలుకు వినిపించడమే మేలు, మన వీణ, తాళం లాగే. కత్తి బొమ్మ చూసిన పిల్ల 'నైఫ్' అని విని 'ఎన్'తో మొదలుపెడుతుంది. విన్నది విన్నట్టు రాసింది కాబట్టి తప్పు ఆమెది కాదు. మూగ 'కె' ఉన్న ఇలాంటి మాటలను బొమ్మతో పరిచయం చేయకుండా, ముందు అక్షరాలు చూసి రాయించి, 'కె'ను మాత్రం వేరే రంగుతో రాసి, బొమ్మను ఆఖరున చూపే టీచర్లున్నారు. బీదర్ పిల్లలకు మూడో తరగతి వరకు ఆ వరుసే నప్పుతుంది.